ఎన్నిసార్లు కడగాలి?

మా పిల్లోడికి చేపలు కావాలి. రెండు నెలల నుంచి ఇదే పాట. కొత్త ట్యాంకు ధర అడిగొచ్చి, ఆ తర్వాత ఇంకో నెల వాడి మాట వినబడనట్టే తిరిగాను. చివరికి మా కాలేజీ ఎదురుగా జిరాక్స్ షాపు నడిపే తమ్ముడు, తన దగ్గర ఒకటి ఊరికే పడి ఉందని చెప్పాడు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. గాలి మోటరు, లోపల పెట్టే స్పాంజి, మూత, అరబకెట్టు రంగురాళ్లు, అన్నీ కలిపి 700 రూపాయలు.

ఆటోలో ఎక్కిస్తూ ఆ పిల్లగాడు అన్న మాట: "అక్కా, దాచేదేం లేదు. ఇందుల చేపలన్నీ సచ్చిపోయినయి. ఒంటి మీద తెల్ల చుక్కలొచ్చినయి. నీలం మందు పోసిన, అయినా ఆగలే. ఎండబెట్టి రెండు నెలలైంది. ఇప్పుడు నీళ్లు పోస్తే కారుతదో లేదో గ్యారంటీ ఇయ్య. మంచిగ కడుక్కోండ్రి."

ఆ మాటలకే వాడు నాకు నచ్చాడు. పాత ట్యాంకు కొనేవాళ్లు అడగాల్సినవి మూడే. చేపలు దేనితో చచ్చాయి, అందులో ఏ మందులు పోశారు, నీళ్లు కారుతుందా. నేను అడగకముందే మూడూ చెప్పాడు. తన వస్తువులో లోపం ఇదీ అని చెప్పి చేతికిచ్చే మనిషి అంత తేలిగ్గా దొరకడు.

ఇంటికి తెచ్చాక మా అమ్మ ట్యాంకు చుట్టూ ఒకసారి తిరిగింది. వంగి మూలలు చూసింది. ముక్కు దగ్గర పెట్టి వాసన చూసింది. "ఎవలిదో సచ్చిన చేపల తొట్టి ఇంట్లకెందుకే" అంటుందని నేను జవాబు సిద్ధం చేసుకుని ఉన్నాను. ఆమె అడిగింది వేరే.

"ఇందుల ఏమేం పోసిండో అడిగినవా?"

19 ఏళ్లు ఒక ఆసుపత్రిలో కాంట్రాక్టు కింద స్వీపర్ పని చేసిన మనిషి. ఏ మరకైనా అది దేని మరకో తెలియకుండా చెయ్యి పెట్టదు. నెత్తురుకో తీరు, చీముకో తీరు, మందు ఒలికితే ఇంకో తీరు. నేను జిరాక్స్ తమ్ముడు చెప్పింది చెప్పి, నేను చదివింది కూడా కలిపాను. తెల్ల చుక్కల రోగం ఒక పరాన్నజీవి వల్ల వస్తుంది. చేప లేకుండా అది ఎక్కువ రోజులు బతకదు, పూర్తిగా ఎండిన అద్దం మీద అసలే బతకదు. నీలం మందు మిథిలీన్ బ్లూ. మూలల్లో ఉన్న సిలికాన్ జిగురుకు నీలం పట్టింది, అది ఎంత కడిగినా పోదు, పోకపోయినా ఫరవాలేదు. రాగి కలిసిన మందు పోసి ఉంటే మాత్రం నత్తలకూ రొయ్యలకూ ప్రమాదం. ఈ పిల్లగాడు పోయలేదన్నాడు.

ఇంకొకటి కూడా చెప్పాను. చేపలకు క్షయలాంటి జబ్బు తెచ్చే సూక్ష్మజీవి ఒకటుంది. కడిగేవాళ్ల చేతి మీద గాటుంటే అందులోంచి లోపలికి పోయి చర్మం మీద గడ్డలు లేపుతుంది, నెలల తరబడి తగ్గవు. అందుకని రబ్బరు గ్లోవ్స్ రెండు జతలు తెచ్చాను.

అమ్మ వాటిని తొడుక్కుని చేతులు ముందుకు చాపి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "గిప్పుడిస్తున్నవా బిడ్డా?" అని నవ్వింది. ఆమె పనిచేసిన చోట తనిఖీకి పెద్ద సార్లు వచ్చే రోజు పొద్దున గ్లోవ్స్ ఇచ్చేవాళ్లట. సాయంత్రం లెక్కపెట్టి తిరిగి తీసుకునేవాళ్లట.

పని వాకిట్లో మొదలుపెట్టాం. స్పాంజి తీసి పారేశాం. రంగురాళ్లకు రంగు పొరలు పొరలుగా ఊడుతోంది, అవీ పారేశాం. పాత ఏటీఎం కార్డుతో అద్దానికి పట్టిన ఎండు పాచిని పొడిగానే గీకేశాం. ఇక మిగిలింది తెల్ల చార. ఇంతకుముందు నీళ్లు ఎక్కడిదాకా ఉండేవో అక్కడ చుట్టూ గీత గీసినట్టు ఉప్పు పేరుకుంది. నల్లగొండ బోరు నీళ్ల గురించి మీకు నేను చెప్పాలా? మా బకెట్లకు, నల్లాలకు, షవర్‌కు అన్నిటికీ ఆ తెలుపే. నాగపూర్‌లోని నీరి సంస్థ వాళ్లు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వాడి నీళ్లలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టారు. ఎముకలు వంకరపోయిన మనుషుల పుణ్యమా అని మా ఊరి పేరు నీటిశాస్త్ర పుస్తకాల్లోకి ఎక్కింది.

ఆ చారకు మందు పులుపు. తెల్ల వెనిగర్‌లో సగం నీళ్లు కలిపి, పాత గుడ్డ పేలికలు తడిపి, చార మీద అంటించి అరగంట వదిలేశాం. అమ్మ మాత్రం ఒక మూలకు నకిరేకల్ నిమ్మకాయ చెక్క పెట్టి రుద్దింది. నిజం చెప్పాలంటే నిమ్మకాయ మూలే ముందు తెల్లబడింది, కాదు, ముందు మెరిసింది. మొండికేసిన చోట బ్లేడు వాడాం. బ్లేడు అద్దానికి దాదాపు ఆనించి పడుకోబెట్టి తొయ్యాలి, అదీ మధ్యలోనే. మూలల జోలికి పోవద్దు. ఐదు అద్దం పలకలను పట్టి ఉంచేది ఆ సిలికానే. దానికి చిన్న గాటు పడినా ఏదో ఒక రాత్రి ఇల్లంతా చెరువవుతుంది.

అంతలో అమ్మ అంట్ల సబ్బు పట్టుకొచ్చింది. వద్దన్నాను. సబ్బు, సర్ఫు, ఫినాయిల్, ఇవేవీ ట్యాంకుకు తగలకూడదు. ఎంత కడిగినా మూలల్లో కొంత మిగులుతుంది, చేప మొప్పలకు అది చాలు.

"సబ్బు పెట్టకుంటే కడిగినట్టెట్లయితదే?"

"చేపలు నీళ్లనే పీలుస్తయి గదమ్మా."

కాసేపు ఆలోచించి సబ్బు తీసుకెళ్లి లోపల పెట్టేసింది. కారణం చెప్తే చాలు ఆమెకు. కారణం లేకుండా చెయ్యమంటేనే కోపం.

మరిగే నీళ్లు పోద్దామని కూడా ఎవరైనా సలహా ఇస్తారు. అద్దం పగులుతుంది. ఎండలో కాలిన ట్యాంకు మీద చల్లటి నీళ్లు కొట్టినా అంతే. మేం దాన్ని పొద్దున్నే చింతచెట్టు నీడకు జరుపుకున్నాం.

తర్వాత జరిగింది చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది.

క్రిములు పోవడానికి బ్లీచ్ ద్రావణం వాడాలని చదివాను. వాసన కలపని, నురుగు రాని, మామూలు బ్లీచ్. సీసా తెచ్చిపెట్టుకున్నాను. ట్యాంకు అడుగున ఇంకా వెనిగర్ నీళ్లు రెండంగుళాలు ఉన్నాయి, పేలికలు అందులోనే నానుతున్నాయి. ఎట్లాగూ తడిగానే ఉంది కదా అని సీసా మూత తీసి వంచబోయాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా.

"ఆ నీళ్లు పుల్లగుంటయా?"

"వెనిగర్ కదా, పులుపే."

"పులుపంటే యాసిడే గదనే! దాని మీద హైపో పోస్తవా?"

ఆసుపత్రుల్లో సోడియం హైపోక్లోరైట్‌ను హైపో అంటారు. బ్లీచ్ అంటే అదే. దానికి ఏ ఆమ్లం తగిలినా క్లోరిన్ వాయువు వస్తుంది. 1915లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర కందకాల్లో ఉన్న సైనికుల మీదికి జర్మన్ సైన్యం వదిలింది ఈ వాయువునే. నేను ఆ సంగతి చదివాను. సీసా వంచేటప్పుడు గుర్తు రాలేదు. అమ్మ చదవలేదు. ఆమెకు ఛాతీలో గుర్తుంది.

ఆ సంగతి నాకు ముక్కలు ముక్కలుగా తెలుసు, వరుసగా చెప్పింది మాత్రం ఆ రోజే. ఒక రాత్రి డ్యూటీ. కొత్త సూపర్‌వైజర్. బాత్రూం వాసన పోవట్లేదని, యాసిడ్ పోసి దాని మీదే బ్లీచింగ్ పౌడర్ చల్లి తలుపేసి రుద్దమన్నాడు. నాలుగు గీతలు రుద్దేసరికి కళ్లు కనబడలేదట, ఊపిరి లోపలికి పోలేదట. పక్క వార్డు ఆయాలిద్దరు చీర చెంగులు ముక్కుకు కట్టుకుని లాక్కొచ్చారు. ఆసుపత్రిలో పనిచేసే మనిషికి ఆసుపత్రిలోనే ఓపీ చీటీ రాయలేదు. తెల్లారి రానందుకు ఒక రోజు జీతం కోశారు. ఇప్పటికీ చలికాలం మొదలైతే ఆమెకు దగ్గు మొదలవుతుంది. మేమంతా దాన్ని ఆమె తత్వం అనుకున్నాం.

"ఉచ్చ మీద బ్లీచింగ్ సల్లినా కండ్లు మండుతయి. ముందు నీళ్లు కొట్టాలె, మస్తుగ కొట్టాలె, ఆన్నుంచి హైపో" అంది. అదీ నిజమే. మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే వచ్చేది వేరే విషవాయువు. నా పీహెచ్‌డీ ప్రబంధాల్లో స్త్రీ వర్ణనల మీద. ఈ డాక్టరేటు ఎవరికి ఇవ్వాల్సిందో మీరే ఆలోచించండి.

వెనిగర్ పారబోసి, ఉత్త నీళ్లతో మూడు సార్లు కడిగాం. పేలికలు కూడా వేరేచోట పారేశాం. అప్పుడు, గాలి ఆడే వాకిట్లోనే, ఒక పాలు బ్లీచ్‌కు ఇరవై పాళ్లు నీళ్లు కలిపి లోపలంతా పట్టించి పావుగంట ఉంచాం. ఎక్కువసేపు ఉంచితే ఇంకా శుభ్రమవుతుందని రాత్రంతా వదిలేయొద్దు, సిలికాన్‌కు మంచిది కాదు. మళ్లీ ఉత్త నీళ్లు, వాసన పోయేదాకా. తర్వాత బోర్లించకుండా వాలుగా పెట్టి రెండు రోజులు ఆరబెట్టాం. మోటరు వైరు ఎక్కడైనా ఒలిచినట్టుందా అని వేళ్లతో తడిమి చూశాం. నీళ్లలో చెయ్యి పెట్టే ముందు ప్లగ్గు తీసెయ్యాలని పిల్లోడి చేత మూడుసార్లు చెప్పించాం.

చేపల షాపుకు పోతే అక్కడాయన, "నల్లా నీళ్లు పోస్తే హైపో వెయ్యండి మేడమ్, క్లోరిన్ పోతది" అన్నాడు. నేను ఉలిక్కిపడ్డాను. ఆయన చేతిలో ఉన్నవి పటికబెల్లం ముక్కల్లాంటి స్ఫటికాలు, సోడియం థయోసల్ఫేట్. పాతకాలం ఫొటో స్టూడియోల వాళ్లు కూడా దాన్ని హైపో అనే పిలిచేవాళ్లు. ఆసుపత్రి హైపో క్లోరిన్‌ను తెస్తుంది, చేపల షాపు హైపో క్లోరిన్‌ను పోగొడుతుంది. మీరు కొనేటప్పుడు హైపో అని అడిగి ఊరుకోకండి, పొట్లం మీద పేరు చదవండి.

తెలుగు చెప్పుకుని బతికేదాన్ని కాబట్టి ఇలాంటి చోట నేను ఆగిపోతాను. ఒకే మాట, లోపల రెండు ఎదురెదురు సరుకులు. 'శుద్ధి' అనే మాట కూడా ఇట్లాంటిదే. మంచినీటి శుద్ధి కేంద్రం అని బోర్డు మీద రాస్తే అక్కడ పటిక, ఇసుక, క్లోరిన్ ఉంటాయి. ఇంటి శుద్ధి అన్నప్పుడు ఏముంటాయో మాకు తెలుసు.

ఉద్యోగం కొత్తలో ఒక ఇంట్లో కింది పోర్షన్‌లో కిరాయికి ఉన్నాం. చేరేటప్పుడు "మీరేమోళ్లు?" అని అడగలేదు. లెక్చరర్ అనగానే వాళ్లకు తోచిందేదో వాళ్లు అనుకున్నారు. తెలిశాక ఏమీ అనలేదు, కొడుకు వస్తున్నాడు, ఖాళీ చెయ్యాలన్నారు. ఖాళీ చేసే ముందు రాత్రి నేనూ అమ్మా పన్నెండింటిదాకా ఆ ఇల్లు కడిగాం. పొయ్యి గట్టు, బాత్రూం పలకలు, కిటికీ ఊచలు ఒక్కొక్కటి. పొద్దున సామాను ట్రాలీలో ఇంకా సగమే ఎక్కింది, ఇంటామె పసుపునీళ్ల బకెట్టు, గోమూత్రం సీసా పట్టుకుని వచ్చింది. మేం చూస్తుండగానే, ఇంకా తడి ఆరని మా గచ్చు మీద చల్లడం మొదలుపెట్టింది. అమ్మ ట్రాలీ పక్కన నిలబడి, "కడిగిందాన్ని మల్ల కడుగుడేంది?" అంది. ఆమెకు నిజంగానే అర్థం కాలేదనుకుంటాను. మా అమ్మకు మడి అంటే నారుమడే.

1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్లి చవదార్ చెరువు నీళ్లు దోసిట్లోకి తీసుకున్నాడు. కాగితం మీద ఆ చెరువు అప్పటికే అందరిదీ. నీళ్లు తాగినవాళ్లను కొట్టారు, ఆ తర్వాత చెరువును శుద్ధి చేశారు. ఎట్లా? 108 కుండలతో పాలు, పెరుగు, పేడ, గోమూత్రం, మంత్రాలు చదువుతూ ఆ నీళ్లలో కలిపి. ఈ సంగతి నేను చాలా ఏళ్లుగా క్లాసులో చెప్తున్నాను. ట్యాంకు కడిగాకే నాకు దాని రసాయనం తట్టింది. చేపలు పెంచేవాళ్లు అన్నిటికంటే భయపడేది అమ్మోనియాకు. తినగా మిగిలిన మేత, చేపల మలం, కుళ్లిన ఆకు, ఏదైనా నీళ్లలో అమ్మోనియాగా మారి మొప్పలను కాలుస్తుంది. పాలు, పెరుగు కుళ్లితే నీళ్లలోని ప్రాణవాయువు తగ్గిపోతుంది. నా రెండడుగుల ట్యాంకులో ఒక్క గరిటెడు గోమూత్రం పోసినా చేపలు బతకవు. మనుషుల దోసిళ్లు తగిలితే ఆ నీటికి ఏమీ కాలేదు. శుద్ధితోనే అందులోకి మురికి పోయింది. అక్కడి చేపలను ఎవరూ అడగలేదు. ఆ నీళ్ల మీద మనకు హక్కుందని బొంబాయి హైకోర్టు చెప్పడానికి 1937 దాకా పట్టింది.

కారంచేడు కూడా అంతే కదా. 1985 జూలైలో మాదిగలు తాగే చెరువు నీళ్లలోకి బర్రెల కుడితి బకెట్లు కడిగిన మురికి పోతుంటే మున్నంగి సువార్త అడ్డం చెప్పింది. నీళ్లు శుభ్రంగా ఉండాలన్నది ఆమె. మర్నాడు ఆరుగురిని చంపారు.

ఇక కారడం పరీక్ష. ట్యాంకును ఇంట్లో పెట్టకముందే ఇది చెయ్యాలి. చదునైన గచ్చు మీద థర్మోకోల్ షీటు వేసి, దాని మీద ట్యాంకు పెట్టి, చుట్టూ పాత పేపర్లు పరిచి, కొంచెం కొంచెంగా నీళ్లు నింపాం. ఈ సైజు దాంట్లో దాదాపు 56 లీటర్లు పడతాయి, అంటే నీళ్ల బరువే 56 కిలోలు. నిండిన ట్యాంకును ఎత్తడానికి చూడొద్దు, అంగుళం కూడా జరపొద్దు. మర్నాడు పొద్దునకి ఎడమ మూల కింద పేపరు అరచేయంత తడిసింది. నీళ్లు తోడేసి, పూర్తిగా ఆరబెట్టి, ఆ మూల లోపలి పాత సిలికాన్ కోసి తీసి, స్పిరిట్‌తో తుడిచి, కొత్తది పూశాను. బూజు మందు కలిపిన బాత్రూం సిలికాన్ వాడొద్దు, చేపలకు విషం. పాత సిలికాన్ మీదే కొత్తది పూసినా పట్టదు. పూశాక వెనిగర్ లాంటి వాసన వస్తుంది, అది పూర్తిగా పోయేదాకా వారం వదిలేశాం. రెండోసారి నింపి రెండు రోజులు చూశాం. పేపర్లు పొడిగా ఉన్నాయి.

అంతటితో అయిపోవాలి. ఆ ఆదివారం పొద్దున నేను మళ్లీ ట్యాంకు వాకిట్లో పెట్టుకుని మగ్గుతో నీళ్లు కొడుతున్నాను. అమ్మ గడపలో కూర్చుని చూస్తోంది.

"ఎన్నోసారే అది?"

"నాలుగోది."

"వాసనొస్తుందా?"

"లేదు."

"మరక ఉన్నదా?"

"లేదు."

"మరెందుకు?"

మధ్యాహ్నం మా డిపార్ట్‌మెంట్ మేడమ్ ఒకామె మొదటిసారి ఇంటికి వస్తోంది. ట్యాంకు హాల్లో, ఆమె కూర్చునే చోటికి ఎదురుగా ఉంటుంది. కాలేజీ వాళ్లెవరు వచ్చినా నేను కడిగిన స్టీలు గ్లాసులనే మళ్లీ కడిగి, వెలుతురుకు పట్టి చూస్తాను. అది నాకు అలవాటైపోయింది, అలవాటని కూడా తెలియదు. మా వాడలో పొద్దున అలుకు, ముగ్గు లేని గడప ఉండదు. బయటివాళ్లు వచ్చి, "ఎంత నీటుగ పెట్టుకున్నరు!" అని ఆశ్చర్యపోతారు. ఆ ఆశ్చర్యం రాకుండా చెయ్యాలని మేం ఇంకో బకెట్టు నీళ్లు కొడతాం.

ఇవేవీ అమ్మకు చెప్పలేదు. ఆమె మాత్రం చెప్పింది. "ఆసుపత్రిల నేను కడిగిన రూము మల్ల కడుగుమంటే నా పానం సివుక్కుమనేది. నాకు పని రాదన్నట్టే గద. ఈ తొట్టి కడిగింది నేను."

మగ్గు కింద పెట్టేశాను.

మేడమ్ వచ్చింది, టీ తాగింది, ట్యాంకును చూడనేలేదు. సాయంత్రం జిరాక్స్ తమ్ముడు చూడ్డానికి వచ్చి, మూల దగ్గర వేలు పెట్టి, "సిలికాన్ ఎవలు కొట్టిన్రక్కా?" అని అడిగాడు. అమ్మ అతనికి అన్నం పెట్టింది.

ఇప్పుడు ట్యాంకు నిండా నీళ్లు, కొత్త స్పాంజి, మోటరు బుడగలు. చేపలు లేవు. అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా స్పాంజిలో పెరగాలి, దానికి నెల పైనే పడుతుంది. అవి తినడానికి రోజూ చిటికెడు చేపల మేత వేస్తున్నాం. పిల్లోడు బడి నుంచి రాగానే ఉత్త నీళ్ల ముందు కూర్చుంటున్నాడు. నిన్నటి పరీక్షలో అమ్మోనియా దిగింది, నైట్రైట్ మాత్రం ఇంకా గులాబీ రంగే. చేపలకు ఇంకో రెండు వారాలు ఆగాలని చెప్తే, పోయి వాళ్ల అమ్మమ్మ ఒళ్లో పడుకుని అలిగాడు.